ఒక దెబ్బ ఎక్కువ

ఆ ఏడు ఎండాకాలంలో మా నాన్న ఉప్పుమడి గట్టు మీద కాలుజారి మోకాలు విరగ్గొట్టుకోకపోతే మా తాయారత్త జన్మలో విమానం ఎక్కేది కాదు. నాన్నే వచ్చి ఉంటే సంగతులన్నీ ఇంకోలా జరిగేవి. బహుశా ఇంతకన్నా బాగానే జరిగేవి. కానీ చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

నాన్న పేరు నరసింగరావు. ఆర్మీలో హవల్దారుగా దిగిపోయాడు. సర్వీసు ఆఖరి ఏళ్ళన్నీ కంటోన్మెంటులో గోల్ఫ్ కోర్సు చూసుకునే డ్యూటీ. ఆఫీసర్ల పిల్లలు సాయంత్రం ఆడి ఇళ్ళకు పోయాక వాళ్ళు పారేసుకున్న బంతులు ఏరుకుని నేను కనుచీకటి పడేదాకా కొట్టేదాన్ని. నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. తర్వాత ఒక కల్నల్‌గారు చూశారు, ఆయన ఊరుకోలేదు, పాత కర్రల సెట్టు ఒకటి ఇప్పించి పోటీలకు పంపించారు. నాన్న రిటైరై మా ఊరు నౌపడ వచ్చేసరికి నేను ప్రొఫెషనల్‌ని. కానీ నౌపడలో ఆ ముక్క ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేక చచ్చేదాన్ని. క్రికెట్టా అనేవారు. కాదంటే హాకీయా అనేవారు. అదీ కాదంటే నా మొహం చూసి జాలిపడి మాట మార్చేసేవారు.

మా అమ్మ ధనలక్ష్మి అంగన్‌వాడీ టీచరు. ఆవిడకి ఆ ఆట అర్థమైంది, నచ్చలేదు. మా ఇంట్లో స్ట్రోకుని, అంటే బంతిని ఒకసారి కొట్టడాన్ని, దెబ్బ అంటాం; తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళదే గెలుపు. నేను ఏ బెంగుళూరులోనో ఆడి, రైలు దిగి, గుమ్మంలో సంచి దించేలోపే అమ్మ అడిగేది, ఈసారి ఎన్ని దెబ్బల్లో పోయిందే అని. రెండు దెబ్బల్లో అనో మూడు దెబ్బల్లో అనో చెప్పేదాన్ని. ఎప్పుడూ కొద్దిలోనే పోయేది. ఆ కొద్దే అమ్మకి ఒళ్ళు మండించేది. పెద్ద తేడాతో ఓడిపోతే నేనే మానేసి ఉండేదాన్నని ఆవిడ నమ్మకం. అది గొప్పోళ్ళ ఆట, వాళ్ళు నిన్ను గుమ్మం దాకా రానిస్తారు గాని లోపలికి రానివ్వరు అనేది. నాకు కోపం వచ్చేది. అలా కాదని చూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

చివరికి ఆవిడే రాజాంలో ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు జగన్నాధంగారి చుట్టూ తిరిగి నాకు ఆటల టీచరు ఉద్యోగం ఖాయం చేసుకొచ్చింది. జూన్‌లో చేరాలి. నేను ఆగస్టు దాకా గడువు అడిగితే ఆయన ఇచ్చారు. జూలై చివర స్కాట్లండులో మహిళల ఓపెన్ జరుగుతుంది. ఆడవాళ్ళ గోల్ఫులో అంతకన్నా పెద్ద పోటీలు ప్రపంచంలో ఏవో కొన్నే. అందులో చోటు దొరికితే ఆట సాగిస్తాను, దొరక్కపోతే కర్రలు అటకెక్కించి రాజాం పోతాను అని అమ్మకి మాటిచ్చాను. నాకు నేనుగా ఇచ్చిన మాటే, ఎవరూ బలవంతపెట్టలేదు.

ఆ చోటు దొరకడం ఎలాగో అమ్మకి విడమర్చి చెప్పాను. ఆడేవాళ్ళలో చాలామంది ముందే ఖాయమైపోతారు. పాత విజేతలు, ర్యాంకుల్లో పైన ఉన్నవాళ్ళు. మిగిలిన కొద్ది చోట్లకి నాలాంటివాళ్ళు దేశదేశాల నుంచి వచ్చి పడతారు. ముందు ఒక అర్హత పోటీ. అందులో నెగ్గినవాళ్ళకి చివరి అర్హత పోటీ. అది పెద్ద పోటీ జరిగే వారంలోనే, సోమవారం నాడు, ఒక్క రోజులో తేలిపోతుంది. నెగ్గినవాళ్ళు గురువారం వెళ్ళి మహామహుల పక్కన నిలబడి ఆడతారు. మిగతావాళ్ళు సామాన్లు సర్దుకుంటారు.

"అయితే ఎంసెట్టు రాసినాక మళ్ళీ ఇంకో ఎంసెట్టన్నమాట," అంది అమ్మ. అంతే మరి.

కర్రల సంచి మోసి పక్కన నడవడానికి, అంటే కేడీగా, నాన్న వస్తాడనుకున్నాం. ఆయన పాత రెజిమెంటువాళ్ళు టికెట్లకి డబ్బు కూడా పెట్టారు. ఇంతలో ఏప్రిల్‌లో ఆ గట్టు, ఆ జారడం. కాలికి కట్టుతో మంచం మీద పడి ఆయన పైకప్పు చూస్తున్నాడు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను. అక్కడే ఎవరినో ఒకరిని పెట్టుకుందువులే అంటున్నాడు గాని ఆ మాట ఆయనకే నమ్మకంగా లేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో అంత పెద్ద రోజు గడపడం నా వల్ల కాదని ఆయనకి తెలుసు. నాకు ఒత్తిడి పెరిగితే మాటలు కావాలి, అదీ తెలుగు మాటలు కావాలి.

వాకిట్లో చేటలో బియ్యం ఏరుతున్న తాయారత్త తల ఎత్తకుండానే, "నానెల్తాను," అంది.

అత్త మా నాన్నకి అప్ప, అంటే అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, అప్పట్నుంచీ ఉప్పుమళ్ళలో పనికి పోతూ మాతోనే ఉంది. ఇచ్ఛాపురం దాటి ఎరగదు. ఎవరూ నవ్వలేదు, అంత మామూలుగా అంది.

"నువ్వెల్లి ఏటి సేస్తావు వొదినా, అక్కడ?" అంది అమ్మ.

"సంచి మొయ్యాల కదా. ఉప్పు తట్ట కన్నా బరువుంటాదేటి?"

అమ్మకీ అత్తకీ మధ్య ఎప్పుడూ పెద్ద తగువు లేదు, అలాగని పొత్తూ లేదు. ఒకే పొయ్యి మీద వండుకుంటూ ఒకరి కూర ఇంకొకరు మెచ్చుకోకుండా బతుకు వెళ్ళదీసినవాళ్ళు. వొదినకేం తెలుసు, అక్కడ ఏదో ఒకటి చేసి గుంట పరువు, అంటే నా పరువు, తీస్తాదని అమ్మ ఆ రాత్రి నాన్నతో అనడం నాకూ వినిపించింది, అత్తకీ వినిపించే ఉంటుంది. మర్నాడే అత్త ఉతికిన చీర కట్టుకుని పాస్‌పోర్టు ఫోటో తీయించుకోవడానికి టెక్కలి బస్సెక్కింది.

మే అంతా మళ్ళ అవతల ఖాళీ నేల మీద మా సాధన. ఆ స్కాట్లండు కోర్సులు సముద్రం పక్కనుంటాయి, నేల గట్టిగా ఉంటుంది, గాలి ఆగదు. మన దేశంలో మెత్తటి గడ్డి మీద ఆడినవాళ్ళకి అక్కడ బంతి మాట వినదు. నౌపడలో ఆ రెండూ బోలెడు ఉన్నాయి. ఎండి బిగుసుకుపోయిన నేల, కళ్ళల్లో ఉప్పు కొట్టే గాలి. అత్త పొద్దున్నే మడిపని ముగించుకుని వచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని సంచి భుజానికి తగిలించుకునేది. బంతిని ఎత్తుగా లేపకుండా నేలబారున దొర్లించడం అక్కడే నేర్చుకున్నాను.

గాలి సంగతిలో మాత్రం అత్తని నమ్ముకుంటే మునిగిపోయినట్టే. గాలి ఎలా ఉందత్తా అంటే, ఎంత జోరుగా కొడుతున్నా బాగుంది అనేది. ఎందుకో తెలియక నేను వారం రోజులు తప్పు కర్ర తీసుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే ఉప్పు పండించేవాళ్ళకి వేడిగా, జోరుగా కొట్టే పడమటిగాలి మంచి గాలి. మళ్ళు తొందరగా ఎండుతాయి. నాకు అదే శత్రువు. ఆ తర్వాత ఆవిడ బాగుంది అంటే నేను ఎదురుగాలికి తట్టుకునేలా రెండు మెట్లు పెద్ద కర్ర తీసేదాన్ని. అదీ ఒక పద్ధతే, బాగానే కుదిరింది.

ఆటలో మర్యాదలన్నీ నేర్పాను. ఎవరైనా కొడుతుంటే కదలకూడదు, మాట్లాడకూడదు. బంతికీ గుంతకీ మధ్య దారి తొక్కకూడదు. మనం తొక్కిన ఇసక మనమే చదును చేసి రావాలి. అత్తకి ఇవేవీ వింతగా తోచలేదు. ఒకరి మడిలోంచి ఇంకొకరు నడవకూడదు, అంతే కదేటి అంది. వానలు పడి ఉప్పు పని ఆగిపోయేనాటికి ఆవిడ నాన్నకన్నా నయమైన కేడీ. నాన్న సలహాలు చెప్తాడు. ఆవిడ చెప్పదు.

స్కాట్లండులో జూలై నెల మనకు పుష్యమాసం కన్నా చలి. అత్త చీర మీద నాన్న ఆర్మీ జెర్సీ, తలకి మంకీ క్యాప్, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, అన్నిటి పైన కేడీలకి ఇచ్చే చేతుల్లేని కోటు. కోర్సులో అందరూ ఆవిడకేసి చూశారు. ఆవిడ ఎవరికేసీ చూడలేదు. మొదటి అర్హత పోటీలో నేను ఎంత బాగా ఆడానంటే, సాయంత్రం పట్టికలో నా పేరు వెతకడానికి కింద నుంచి మొదలెట్టి, కనబడక కంగారు పడి, తీరా చూస్తే పైనుంది. ఇంటికి ఫోను చేశాం. నాన్న ఏడ్చాడు. అమ్మ, ఇంకోటి ఉన్నాది కదా, అంది.

ఆ ఇంకోటి సోమవారం వచ్చింది.

నా పక్కనే తన బంతితో ఆడిన పిల్లది స్వీడన్. పొడుగ్గా, నెమ్మదిగా ఉంది. పొద్దున గాలి తక్కువగా ఉంది, మధ్యాహ్నానికి అందుకుంది. అత్త బాగుందంది. నేను పెద్ద కర్ర తీశాను. అందరి స్కోర్లూ పెరిగిపోతుంటే నాది నిలబడింది. పద్దెనిమిదింట్లో పద్నాలుగో హోలు దాటేసరికి, ఇలాగే ముగిస్తే చోటు ఖాయమని నాకు లెక్క తెలిసిపోయింది. అలా తెలియడం మంచిది కాదు. అత్తా, ఏదైనా చెప్పవే అన్నాను. ఊళ్ళో లక్ష్మణమ్మ గేదె తప్పిపోయి రైలు ప్లాట్‌ఫారం మీద దొరికిన కథ చెప్పింది. నాకు నవ్వొచ్చి ఊపిరి సర్దుకుంది.

పదిహేనో హోల్లో నా బంతి పక్కనున్న పొడుగు గడ్డిలో పడింది. పెద్ద ప్రమాదమేం కాదు. కనిపిస్తూనే ఉంది. నేను దూరం చూసుకోవడానికి నాలుగడుగులు ముందుకెళ్ళాను. వెనక్కి తిరిగేసరికి అత్త సంచి దించుతోంది. దించుతూ సర్దుకుని నిలబడడంలో ఆవిడ బూటు అంచు బంతికి తగిలింది. బంతి కదల్లేదు. గడ్డి పరక కూడా కదల్లేదు.

అత్త ఉలిక్కిపడింది. చటుక్కున వంగి, కుడిచేతి వేళ్ళతో బంతిని తాకి ఆ వేళ్ళు రెండు కళ్ళకీ అద్దుకుంది.

పుస్తకానికి కాలు తగిలితే, చేటకి తగిలితే, పక్కన కూర్చున్న మనిషికి తగిలితే మనం ఏం చేస్తామో అదే. ఆలోచించి చేసేది కాదు. అన్నం పెట్టే వస్తువుని కాలితో తాకి ఊరుకోవడం అత్తకి చేతకాదు. అన్ని నెలల్లో అన్ని మర్యాదలు నేర్పిన నాకు ఇది నేర్పాలని తట్టలేదు. తట్టి ఉంటే నేను మా ఊరిదాన్నే కానట్టు.

ఆటలో నియమం ఇది. ఆగి ఉన్న బంతికి పొరపాటున కాలు తగిలి, అది కదలకపోతే ఏమీ లేదు. కావాలని చేత్తో ముట్టుకుంటే ఒక దెబ్బ శిక్ష. ఆటగత్తె ముట్టుకున్నా, ఆమె కేడీ ముట్టుకున్నా ఒకటే.

ఎవరూ చూడలేదు. స్వీడన్ పిల్ల అవతలి పక్క తన బంతి దగ్గరుంది. చూసేందుకు వచ్చిన కొద్దిమందీ ముందు, గుంత చుట్టూ ఉండే గ్రీను దగ్గరున్నారు. మా ఆటలో అంపైరు వెంట నడవడు, పిలిస్తేనే వస్తాడు. నేను కర్ర పట్టుకుని అలా నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే పిలవకూడదనే అనుకున్నాను. బంతి కదల్లేదు, ఎవరికీ నష్టం లేదు, నాకు కలిసొచ్చింది లేదు. రాజాం స్కూలు గ్రౌండు కళ్ళముందు కనిపించింది. అత్త నా మొహం చూసి, "ఏటి, కర్ర మార్చమంతావేటి?" అంది.

"లేదత్తా. ఒక్క నిమిషం," అని చెయ్యెత్తి రెఫరీని పిలిచాను.

తెల్లజుట్టు ఆవిడ ఒకామె బండిలో వచ్చింది. జరిగింది చెప్పాను. స్వీడన్ పిల్ల కూడా వచ్చి విన్నది, నా స్కోరు రాసేది ఆమే కాబట్టి. బంతి కదిలిందా అని అడిగింది రెఫరీ. లేదన్నాను. కాలు తగిలినదానికేం లేదు, చేత్తో ఎందుకు తాకిందీ అంది. వివరించాను. కాలు తగిలినందుకు మాలో అలా అపరాధం చెప్పుకుంటారు అన్నాను. ఆవిడ అత్త కేసి చూసింది. అపరాధం చెప్పుకోవడానికి మినహాయింపు ఎక్కడా లేదమ్మా, ఒక దెబ్బ, అంది. పాపం, ఆవిడ గొంతు కూడా బాగాలేదు.

"ఏటడుగుతన్నాది ఆవిడ?" అంది అత్త.

"గడ్డిలో బంతి నాదేనా అని అడిగింది. నాదే అన్నాను."

"మరి నీదే కదా," అంది అత్త, సంచి సర్దుకుంటూ.

నాకు ఏడుపొచ్చింది, మింగేశాను. మిగిలిన హోల్సు ఎలా ఆడానో ఆడాను, చెడగొట్టుకోలేదు. పట్టికలో చివరి చోటు దగ్గర నేనూ ఒక కొరియా అమ్మాయీ సమానంగా నిలిచాం. చోటు ఒకటే. ఎవరిదో తేలేదాకా ఇద్దరూ ఒక్కో హోలు మళ్ళీ ఆడాలి. మొదటిదాంట్లో ఇద్దరం సమానం. రెండోదాంట్లో ఆ అమ్మాయి గది పొడుగంత దూరం నుంచి గుంతలో వేసింది. నాది గుంత అంచున ఆగింది. ఇంకో వెంట్రుకవాసి దొర్లి ఉంటే పడేదేమో. పడలేదు.

ఆ కొరియా అమ్మాయి నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నేనే ఓదార్చాను. అప్పుడు వచ్చింది స్వీడన్ పిల్ల, తనకి చోటు దొరికినా పోకుండా ఉండిపోయింది. తిన్నగా అత్త దగ్గరికి వెళ్ళి, చేతులు పట్టుకుంది. తర్వాత తన వేళ్ళు తన కళ్ళకి ఆనించుకుని, తల అడ్డంగా ఊపి, ఒక వేలు చూపించింది. మంచి మనసుతోనే చేసింది. అప్పటికి ఆ చెయ్యి పట్టుకుని ఆపెయ్యాలనిపించింది నాకు.

అత్త నా వైపు తిరిగింది. "ఏటంతాది ఆ పిల్ల?"

"ఊరడిస్తన్నాది అత్తా."

"ఒక్కేలు సూపించింది."

నేను కర్ర సంచిలో పెట్టబోయాను.

"నాను ముట్టుకున్నందుకు దెబ్బేసీసినారేటి?"

అవునన్నాను. ఇంకేం చెయ్యను.

"కాలు తగిలినందుకా?"

"కాదు. కాలు తగిలినా ఏం లేదు. సేత్తో ముట్టుకున్నందుకు."

అత్త సంచి మీద కూలబడింది. "ఇదెక్కడి నాయమే," అంది చాలా నెమ్మదిగా. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. ఆఖరి చోటు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి నేను మొదటి రిజర్వు. గురువారం ఆఖరి జట్టు మొదలయ్యేలోపు ఎవరైనా ఆడలేమంటే ఆ చోటు నాది. తెల్లవారకుండానే పెద్ద కోర్సుకి వెళ్ళాం. టీవీలో చూసిన మొహాలన్నీ అక్కడున్నాయి. వాళ్ళ పక్కన నిలబడి సాధన బంతులు కొట్టాను. వాళ్ళ బంతి శబ్దం ఎలా ఉందో నా బంతి శబ్దమూ అలాగే ఉంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, చెవులతో విన్నాను. అంతకుముందు పోటీలు పోయినప్పుడు ఇంకా ఎక్కడో తక్కువున్నానేమో అనిపించేది. ఆ పొద్దున అనిపించలేదు.

అత్త రోజంతా చేతులు వెనక్కి కట్టుకునే తిరిగింది. దేనికి తగిలితే ఏం ముంచుకొస్తుందో అని. మధ్యాహ్నం దాటాక, బెంచీ మీద నా పక్కన కూర్చుని అడిగింది.

"ఎవులికైనా కడుపునొప్పి రావాలని మొక్కకూడదు కదేటి?"

"కూడదత్తా."

"మొక్కలేదులే," అంది. మంకీ క్యాప్ సర్దుకుని, "జలుబుకైనా?" అంది.

ఆ దిగుల్లోనూ నవ్వాను. ఎవరికీ ఏ నొప్పీ రాలేదు. ఆఖరి జట్టు మొదలయ్యింది. పేర్లు పిలిచే పెద్దాయన వచ్చి టోపీ తీసి నాతో చెయ్యి కలిపాడు. మళ్ళీ వస్తావు కదా అన్నాడు. వస్తానని చెప్పే హక్కు నాకు లేదు కదా, నవ్వి ఊరుకున్నాను. తర్వాత సాధన మైదానం వెనక్కి వెళ్ళి తనివితీరా ఏడ్చాను.

విమానంలో అత్తకి గట్టిగా చెప్పాను. బంతి సంగతి ఇంట్లో ఎత్తవద్దు. కొరియా అమ్మాయి బాగా ఆడింది, నేను ఓడిపోయాను, అంతే. అదీ అబద్ధం కాదు. అమ్మ నోట ఆ మాట అత్త పడడం నాకు ఇష్టం లేదు. వొదిన నా పరువు తీస్తుందని అమ్మ ముందే అని ఉంది. ఇక బతికినన్నాళ్ళూ ఒకే వంటింట్లో ఆ మాట అలా ఉండిపోతుంది. అత్త కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చుంది.

నౌపడలో రైలు దిగేసరికి కుండపోత. ఆటోలో ఇంటికి చేరాం. నాన్న కర్ర ఊతంతో గుమ్మం దాకా వచ్చాడు. అమ్మ కాళ్ళకి నీళ్ళు తెచ్చింది. ఎన్ని దెబ్బల్లో పోయిందని ఈసారి అడగలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. జగన్నాధంగారు రెండుసార్లు ఫోను చేశారని మాత్రం చెప్పింది.

అత్త కాళ్ళు కడుక్కోలేదు. వాన చూరు కింద నిలబడే, "ధనలక్ష్మీ, నీ గుంట ఓడిపోలేదు. నా వల్ల పోయింది," అంది.

నేను అత్తా అన్నాను. ఆవిడ ఆగలేదు. బూటుకాలు బంతికి తగలడం, తను అద్దుకోవడం, నేను ఆ ఆఫీసరమ్మని పిలవడం, ఒక దెబ్బ వెయ్యడం, అదే లేకపోతే చోటు వచ్చీసేదని, అంతా తు.చ. తప్పకుండా చెప్పేసింది. చెప్పి తలవంచుకుని, ఏమంటుందో అనమని నిలబడింది. నాన్న మంచం మీద కూర్చుండిపోయాడు.

అమ్మ చెంబు పట్టుకునే నా వైపు తిరిగింది.

"వొదిన ముట్టుకోడం ఎవులైనా సూసినారా?"

"లేదు."

"మరి నువ్వే పిలిచి సెప్పీసినావా?"

"సెప్పీసాను."

"ఆ ఒక్క దెబ్బ లేకపోతే నీకు వచ్చీసేదా? నికరంగా?"

"వచ్చీసేదమ్మా."

అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. నా ఆట గురించి అలా తిరగడం అదే మొదలు. చెంబు అత్త కాళ్ళ దగ్గర పెట్టి, భుజం మీద చెయ్యి వేసింది.

"కాలు తగిలితే అద్దుకోకుండా ఎలగుంటారు వొదినా? నానైనా అద్దుకుందును," అంది. "కాళ్ళు కడుక్కో. అన్నం సల్లారిపోతన్నాది."

అత్త అప్పుడు ఏడ్చింది. వారం రోజులుగా ఆపుకున్నదంతా. అమ్మ ఆవిడ తడి జెర్సీ తనే విప్పి దండెం మీద వేసింది. ముగ్గురికీ వడ్డించి, తనూ కూర్చుని, అత్త విస్తట్లో కూర రెండోసారి వేసింది. చెయ్యి కడుక్కుంటుంటే వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది, జగన్నాధంగారికి ఫోను చేసీ అని.

మాటంటే మాటే కదా. ఎల్లుండి చేరతానని చెప్తాను అన్నాను.

"రానని సెప్పు," అంది అమ్మ. ఎంగిలి విస్తళ్ళు తీస్తూనే అంది. "ఆడడం రాని పిల్లవైతే రాజాం ఎల్దువు. నీకు ఆటొచ్చు."

అలాంటి వానకి మా ఇంట్లో సిగ్నలు అందదు. గొడుగేసుకుని స్టేషను దాకా నడిచి, ప్లాట్‌ఫారం కప్పు కింద నిలబడి ఫోను చేశాను. జగన్నాధంగారు నిద్రమత్తులో ఉన్నారు. ఉద్యోగానికి రావడం లేదండి, క్షమించండి అన్నాను. అయితే నెగ్గావన్నమాట అని సంబరపడ్డారు, పాపం మంచాయన. లేదండీ, ఓడిపోయాను అన్నాను. ఆయనకి బోధపడలేదు. ఓడిపోతే వస్తానని కదమ్మా ఒప్పందం, అసలు ఈ ఉద్యోగం ఇమ్మని మీ అమ్మ నా చుట్టూ ఎంత తిరిగిందో నీకు తెలుసా అన్నారు.

"తెలుసండి," అన్నాను. "మా అమ్మే వద్దందండి."